సోమవారం జీతం: ఒక రొయ్యల పీలింగ్ షెడ్డులో హాజరు బోనస్ కథ

నెల్లూరు, కావలి మధ్య హైవే పక్కన ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ ఉంది. పేరు రాయను. అక్కడి జీతాల లెక్కలు, పీఎఫ్, ఈఎస్ఐ పనులు నేను చూస్తాను. 2023 చివర్లో ఓనర్ గారు పిలిచి ఒక్కటే మాట చెప్పారు. "ఏడో తేదీ జీతం పడుతుంది మేడం. ఎనిమిదో తేదీ షెడ్డు సగం ఖాళీ. డబ్బు చేతికొస్తే మనిషి పనికి రాడు. ఏదో ఒకటి చెయ్యండి."

అది ఒక దారికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో మొదటి నాలుగు నెలలు నేను చేసింది తప్పు. తప్పు ఎక్కడుందో తెలియడానికి పద్నాలుగు మంది ఆడవాళ్ల ఖర్చుల పుస్తకాలు చదవాల్సి వచ్చింది. జీతాలు, ఇన్సెంటివ్‌లు చూసే తోటివాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పీలింగ్ షెడ్డు చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. చెరువుల దగ్గర రాత్రి పట్టుబడి అవుతుంది. ఐస్ వేసిన క్రేట్లతో బండ్లు తెల్లారేసరికి యూనిట్‌కు చేరతాయి. అక్కడి నుంచి ప్రతి గంటా లెక్కే. తల తీయాలి, పొట్టు వలవాలి, వీపు మీది నల్ల నరం లాగాలి, కడిగి గ్రేడింగ్‌కు పంపాలి. ఆలస్యమైతే రొయ్య మెత్తబడుతుంది, రేటు పడిపోతుంది. గమ్ బూట్లు, తలకు వల టోపీ, చేతులకు గ్లవుజులతో 112 మంది ఆడవాళ్లు స్టీలు బల్లల దగ్గర ఆ చలిలో నిలబడి చేసే పని ఇది. కూలి కిలో లెక్కన. కిలోకు 30 తూగే పెద్ద కౌంట్‌కు ఒక రేటు, 70 తూగే చిన్న కౌంట్‌కు కొంచెం ఎక్కువ. నెలంతా కలిపి, ఏడో తేదీ లోపు అకౌంట్లో వేస్తారు. వెయ్యి మంది కన్నా తక్కువ ఉన్న చోట 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం ప్రకారం అప్పటి గడువు అదే.

ఓనర్ గారు మొదట అడిగింది జరిమానా. రాని రోజుకు ఇంత కోత పెడదాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. జీతంలో 3 శాతం మించి జరిమానా వేయడానికి ఆ చట్టంలోనే వీలుండేది కాదు. పైగా జరిమానా ఎలా తిరగబడుతుందో చూపించిన ప్రయోగం ఒకటి ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో గ్నీజీ, రుస్టిచీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పది పిల్లల సంరక్షణ కేంద్రాలను గమనించి 2000లో ఫలితం రాశారు. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో 10 షెకెళ్ల జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచరమ్మను కాచుకోబెట్టామే అన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక, డబ్బు కట్టాం కదా అన్న ధైర్యం వచ్చింది. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆ మొహమాటం తిరిగి రాలేదు. ఈ సంగతి చెప్పాక ఓనర్ గారు తగ్గారు. "సరే, కోత వద్దు. మీరే ఏదైనా ఆలోచించండి" అన్నారు.

నేను ఆలోచించింది హాజరు బోనస్. నెలలో 26 రోజులూ వస్తే రూ.1,200. 2024 జనవరి నుంచి అమలు. నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో అంటించాం. మొదటి వారం హాజరు బాగుంది. నాకూ సంతోషంగానే ఉంది.

రెండో వారం నుంచి కథ మారింది. సంక్రాంతికి రెండు రోజులు ఆగిపోయినవాళ్లు ఆ నెల మిగతా రోజుల్లో ఇదివరకటి కన్నా ఎక్కువగా మానేశారు. ఫిబ్రవరిలోనూ అంతే. మూడో తేదీన పిల్లాడికి జ్వరమని ఆగిపోయిన ఒకామెను తర్వాత అడిగితే, "ఒక్క రోజుతో పన్నెండొందలూ పాయె గదా మేడం, ఇంక ఇరవై ఆరేంది, ఇరవై ఏంది" అంది. ఆమె లెక్క సరైనదే. గీత ఒక్కచోట గీసి, దాటితే మొత్తం, దాటకపోతే సున్నా అన్నాను. గీత దాటలేమని తెలిసిన మరుక్షణం ఆ బోనస్ వాళ్లకు లేనట్టే.

ఇంకో పని కూడా జరిగింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మార్చిలో ఒకామె వేలికి రొయ్య ముల్లు లోతుగా దిగి చీము పట్టింది. పుండు ఉన్న చెయ్యి ఆహారం తగలకూడదు, అది అక్కడ మొదటి నియమం. ఆమె మూడు రోజులు ఆ వేలు గ్లవుజులో దాచుకుని పని చేసింది. సూపర్‌వైజర్ చూసి పక్కకు పిలిస్తే ఏడ్చింది. అప్పటికి ఆమె హాజరు 21 రోజులు. ఆ వేలికి ఆ గతి పట్టించింది నేను రాసిన నోటీసు.

ఏప్రిల్ నెలాఖరుకు బోనస్ ఆపించాను.

ఖర్చుల పుస్తకాలు రాయించడం మొదలైంది ఆ నెలలోనే. టైమ్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఒకామె వాళ్లతోనే షిఫ్ట్ బండిలో వచ్చిపోతుంది. పద్నాలుగు మంది ఒప్పుకున్నారు. ఆరు వారాల పాటు రోజూ సాయంత్రం బండిలోనే ఆ అమ్మాయి వాళ్లను అడిగి ఏం వచ్చింది, ఏం పోయింది, రేపేం పని అని రాసేది. ఓనర్‌కు చూపించనని మాటిచ్చాను, చూపించలేదు. ఒక పేజీ మాత్రం, ఆమె అనుమతితో, ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను. ఇద్దరు ఆడపిల్లల తల్లి. తేదీ 19.

"ఫైనాన్సు 100. మాత్రలు 64. పాలు 30. పూలు 10. అంగట్లో బియ్యం అప్పు రాయించా. చేతిలో 6. రేపు: మిరపకోత."

చివరి మాట చూశాక నేను హాజరు రిజిస్టర్ మళ్లీ తెరిచాను. ఓనర్ గారు చెప్పినట్టు ఎనిమిదో తేదీ దగ్గర ఒక గుంట ఉంది, నిజమే. కానీ 17 నుంచి 25 లోపు ఇంకో గుంట ఉంది. అది ఒక్క రోజులో లోతుగా కనపడదు, వారం పొడుగునా పరుచుకుని ఉంటుంది. అందుకే ఎవరి కంటా పడలేదు. ఆ రోజుల్లో వాళ్లు ఇంట్లో కూర్చోలేదు. కాలాన్ని బట్టి నాట్లకో, కోతలకో, కలుపుకో పోయారు. పొలంలో వచ్చేది షెడ్డు కూలి కన్నా తక్కువే. కానీ సాయంత్రానికి చేతిలో పడుతుంది. షెడ్డులో ఆ రోజు సంపాదించింది మళ్లీ ఏడో తేదీకి గానీ కనపడదు. చేతిలో ఆరు రూపాయలున్న మనిషికి ఈ రెండిట్లో ఏది పెద్ద కూలి?

ఇక ఎనిమిదో తేదీ సంగతి. ఆ రోజు ఎక్కడికి పోయారో పుస్తకాల్లో రాసి ఉంది. బ్యాంకులో కుదువ పెట్టిన కమ్మలకు వడ్డీ కట్టడానికి, చీటీ పాటకు, డ్వాక్రా గ్రూపు మీటింగుకు, నెల మధ్యలో డబ్బుల్లేక వాయిదా వేసుకున్న ఆసుపత్రికి. నెలకోసారి డబ్బు వస్తే, డబ్బుతో అయ్యే పనులన్నీ ఆ ఒక్క రోజుకే పోగుపడతాయి.

డబ్బు చేతికొస్తే పని మానేస్తారన్న ఓనర్ గారి నమ్మకం కొత్తదేమీ కాదు. న్యూయార్క్ టాక్సీ డ్రైవర్లు ఆ రోజు అనుకున్న మొత్తం రాగానే బండి ఆపేస్తారని కామెరర్, థేలర్ మరో ఇద్దరితో కలిసి 1997లో రాశారు. తర్వాత ఫార్బర్ అనే ఆర్థికవేత్త అంతకన్నా చాలా పెద్ద లెక్కలు తీసి అది అంత బలంగా లేదన్నాడు. ఆ వాదన ఎటు తేలినా, మా షెడ్డులో జరిగింది మాత్రం అది కాదు.

డైలీ ఫైనాన్సు లెక్క ఇక్కడే చెప్పాలి. ఇది తెలియకుండా ఈ ఆడవాళ్ల జీతం గురించి మాట్లాడటం దండగ. పద్నాలుగు మందిలో తొమ్మిది మందికి ఫైనాన్సు ఉంది. పదివేలు అని రాసుకుంటారు, ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. అడిగితే అందరూ "నూటికి పది, అంతే గదా" అంటారు. అంతే కాదు. రోజూ వంద కడుతూ పోతుంటే అప్పు తరిగిపోతుంటుంది. సగటున వాళ్ల చేతిలో ఉన్నది నాలుగున్నర వేల చిల్లరే. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి వడ్డీ. కట్టి చూస్తే ఏడాదికి 75 శాతం పైనే. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి ఆరున్నర రూపాయల వడ్డీ. మూడు రూపాయల వడ్డీకి ఎవరైనా ఇస్తానంటేనే "అమ్మో, మూడా" అనే మనుషులు తెలియకుండా ఆరున్నర కడుతున్నారు. ఎందుకు? ఇరవయ్యో తేదీన డబ్బు కావాలి, జీతమేమో ఏడో తేదీన. సంపాదించిన సొమ్ము కంపెనీ దగ్గర ఉండగానే, అది చేతికొచ్చే లోపు బతకడానికి వడ్డీ కట్టి అప్పు తెచ్చుకుంటున్నారు.

ఆ టెన్షన్ చేతి పని మీద ఎంత పడుతుందో కొలిచినవాళ్లున్నారు. ఒడిశాలో మా వాళ్లలాగే చేసినంతకు కూలి తీసుకుంటూ ఆకు విస్తర్లు కుట్టే కార్మికుల్లో కొందరికి జీతం మిగతావాళ్ల కన్నా ముందుగా ఇచ్చి చూశారు సుప్రీత్ కౌర్, సెంథిల్ ములైనాథన్, మరో ఇద్దరు. రేటు మారలేదు, మారింది ఇచ్చిన రోజే. డబ్బు అందగానే వాళ్లు అప్పులు తీర్చారు, ఇంట్లోకి సరుకులు కొన్నారు. ఆ తర్వాత రోజుల్లో వాళ్ల పని సుమారు 7 శాతం పెరిగింది, బాగా పేదవాళ్లలో ఇంకా ఎక్కువ. కుట్టడంలో తప్పులూ తగ్గాయి. ఇది చదివిన రాత్రి నాకు మా షెడ్డు రిజెక్షన్ షీట్లు గుర్తొచ్చాయి. నరం సరిగా తీయలేదని వెనక్కి పంపిన ట్రేలు నెల మూడో వారంలోనే ఎక్కువ. నేను అప్పటిదాకా దాన్ని చిన్న కౌంట్ రొయ్యల మీదకు తోసేశాను.

అయితే వారం వారం ఇచ్చేస్తే సరిపోతుందా అంటే, అక్కడ నన్ను ఆపింది ఆ ఆడవాళ్లే. మే మొదట్లో క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడుకున్నాం. అరవై దగ్గర పడిన ఒక పెద్దామె ఉంది, షెడ్డులో అందరూ ఆమెను పెద్దమ్మా అంటారు. నేను వారం జీతం మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపింది.

"అమ్మణ్ణీ, రోజూ వచ్చేది రోజూ పోద్ది. మా ఇంట్లో బర్రె ఉంది. ఇంటికొచ్చి పోయించుకునే హోటలాయన ఏ పూటకా పూట డబ్బులిస్తాడు. అయినా నేను కేంద్రానికే పోస్తా. ఏం, పదిహేను రోజులకు పాలబిల్లు ముద్దగా వస్తది. ఆ ముద్దతోనే గదా దాణా బస్తా తెచ్చేది."

ఆమె చెప్పిందే కెన్యాలో కాసబురి, మక్యవెల్లో అనే ఇద్దరు పాడి రైతుల దగ్గర కనిపెట్టి 2019లో రాశారు. రోజూ డబ్బిచ్చే వ్యాపారి లీటరుకు ఎక్కువ ఇస్తానన్నా, నెలకోసారి ఇచ్చే సహకార సంఘానికే పాలు పోసే రైతులున్నారు. ముద్దగా వస్తేనే పెద్ద ఖర్చుకు నిలుస్తుందని వాళ్ల లెక్క. అంటే ఒకే మనిషికి రెండు రకాల డబ్బు కావాలి. బియ్యానికి, మాత్రలకు ఎప్పటికప్పుడు చిల్లర. జూన్‌లో ఫీజులకు, పండక్కి బట్టలకు ఒక ముద్ద. నెల జీతం ఈ రెండిట్లో దేనికీ సరిపోని కొలత. చిల్లరకు మరీ ఆలస్యం, ముద్దకు మరీ తొందర.

ఏ రోజు ఇవ్వాలన్న దాని మీదే గంట సేపు వాదన నడిచింది. నేను శనివారం అన్నాను. ఒక్కసారిగా నవ్వారు. "శనివారం ఇస్తే ఆదివారం మింగేస్తది మేడం." ఆదివారం అంటే వేటమాంసం ఒక్కటే కాదు, మగవాళ్ల తాగుడు కూడా. శుక్రవారం వద్దన్నారు, ఇంటికొచ్చిన లక్ష్మిని ఆ రోజు బయటికి పంపబుద్ధి కాదు. మంగళవారమూ అంతే. చివరికి సోమవారం అని తేల్చారు. ఆదివారం దాటిపోయి ఉంటుంది, వారమంతా ముందుంటుంది.

తాగుడు మాట వచ్చినప్పుడు పెద్దమ్మ దూబగుంట సంగతి ఎత్తింది. మా జిల్లా ఆడవాళ్ల ముందు జీతం, ఖర్చు అని మాట్లాడితే అది రాకుండా ఉండదు. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. మగవాడి కూలి ఇంటికి రాకుండా సారా కొట్టు దగ్గరే ఆగిపోతోందని మొదలైన ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా తెచ్చింది. ఆ వేడిలోనే జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి, రోజుకు ఒక్క రూపాయి దాచుకోవడంతో. పెద్దమ్మ ఆ రూపాయి సంఘంలో మనిషి. "అప్పుడు రూపాయి దాచడానికి ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం, ఎవరూ ఎగ్గొట్టేదానికి లేదు" అంది. పరిశోధకులు పొదుపు గురించి ఎన్నో పేజీల్లో రాసే మాట ఆమె ఒక్క వాక్యంలో చెప్పేసింది. నేను డైరీలో రాసుకున్నాను.

ఆ మీటింగు నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. జీతం కాలం కాగితం మీద నెలే. కానీ ప్రతి సోమవారం, అంతకు ముందు వారం వలిచిన కిలోల కూలిలో 60 శాతం అకౌంట్లో వేస్తాం. వడ్డీ లేదు, అడగాల్సిన పని లేదు, అది వాళ్లు సంపాదించిందే. మిగతాది ఏడో తేదీ లోపు. ముద్ద కావాలన్నవాళ్లకు కంపెనీ దగ్గర డబ్బు ఆపి ఉంచుదామని ఓనర్ గారు అన్నారు, మంచి మనసుతోనే. నేను వద్దన్నాను. జీతం గడువు దాటి కంపెనీ చేతిలో ఉండకూడదు. రేపు కంపెనీకి ఇబ్బంది వస్తే ఆ ముద్ద ఏమవుతుంది? అందుకని వాళ్ల పేరు మీదే బ్యాంకులో 12 నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) తెరిపించాం. ఏడో తేదీ జీతం పడ్డ మర్నాడు అందులోకి పోతుంది. పోస్టాఫీసు ఆర్డీ కూడా చూశాం గానీ దాని గడువు ఐదేళ్లు, జూన్ ఫీజులకు అక్కరకు రాదు.

బోనస్ మళ్లీ పెట్టాం, అదే డబ్బుతో. నెలకు 1,200 బదులు, ఆరు రోజులూ వస్తే వారానికి 300. ఒక వారం పోతే ఆ 300 మాత్రమే పోతుంది, సోమవారం మళ్లీ కొత్త లెక్క. గాయం, జ్వరం ఉంటే సూపర్‌వైజర్ చూసి పంపిన రోజు హాజరైనట్టే. వేలు దాచుకోవాల్సిన అవసరం ఇక ఉండకూడదని ఆ షరతు మొదటి లైన్లో రాయించాను.

మైసూరులో డేటా ఎంట్రీ చేసేవాళ్లతో కౌర్, క్రెమర్, ములైనాథన్ ఏడాది పాటు చేసిన ప్రయోగం ఒకటి నా మనసులో ఉంది. జీతం రోజు దగ్గరపడే కొద్దీ పని పెరిగిందని 2015లో రాశారు. నెలకు ఒక జీతం రోజు ఉంటే దగ్గరపడేది ఒక్కసారే. నాలుగు సోమవారాలు ఉంటే నాలుగు సార్లు.

తూకం సంగతి నేను ముందు పట్టించుకోలేదు. పుస్తకాల్లో డబ్బు తర్వాత ఎక్కువగా కనిపించిన మాట "ఆమెకు పెద్ద కౌంట్ ట్రేలు ఇచ్చారు" అన్నదే. చిన్న కౌంట్‌కు రేటు ఎక్కువే అయినా, పెద్దది వలిచినవాళ్లకే రోజు చివర ఎక్కువ మిగిలేది. ఒడిశాలోనే 378 మందితో బ్రెజా, కౌర్, శ్యాందాసాని చేసిన ఇంకో ప్రయోగం 2018లో వచ్చింది. పక్కవాళ్ల కన్నా తక్కువ ఇస్తే పనీ తగ్గింది, హాజరూ తగ్గింది. అయితే ఎవరు ఎంత చేశారో కళ్లకు కనపడే పనుల్లో ఆ దెబ్బ పడలేదు. మా దగ్గర కాటా డిస్‌ప్లే సూపర్‌వైజర్ వైపు తిరిగి ఉండేది. దాన్ని బల్లల వైపు తిప్పించాం. పెద్ద కౌంట్ ట్రేలు బల్లల వరుసలో వంతుగా పోయేలా చేశాం. ఖర్చు ఒక పొడుగు వైరు, రెండు స్క్రూలు. కాటా తిప్పిన రోజు ఒకామె ట్రే పెట్టి, అంకె నిలిచేదాకా చూసి, "నాలుగు రెండొందలు" అని తనే గట్టిగా చదివింది. అక్కడ ఆరేళ్లుగా పని చేస్తూ తన తూకం తాను చూడటం అదే మొదటిసారట.

ఇక ఫలితం. పాత పద్ధతిలో జీతం మర్నాడు 112 మందిలో 65, 70 మంది వచ్చేవారు. కొత్త ఏర్పాటు నిలదొక్కుకున్నాక ఆ రోజు 90 పైన ఉంటున్నారు. మూడో వారం గుంట బాగా పూడింది, నాట్ల కాలంలో మాత్రం ఇంకా ఉంది. ఫైనాన్సు ఉన్న తొమ్మిది మందిలో నలుగురు తీర్చేసి మళ్లీ తీసుకోలేదు. మిగతా ఐదుగురు ఇంకా కడుతున్నారు. ఆర్డీలో చేరింది 31 మందే, అందులో 9 మంది మధ్యలోనే తీసేశారు. ఇద్దరి ఇళ్లలో మొగుళ్లు సోమవారం సంగతి తెలుసుకుని వారం వారం అడగడం మొదలుపెట్టారు. వాళ్లిద్దరూ వచ్చి మాకు పాత పద్ధతే పెట్టమన్నారు, పెట్టాం. అందరికీ ఒకే రోజు మేలు చేయదని నేను ముందే ఊహించి ఉండాల్సింది.

ఈ మార్పంతా జీతం రోజు వల్లే వచ్చిందని చెప్పను. మనుషులూ మారారు. ఎడ్వర్డ్ లజియర్ 2000లో రాసిన అమెరికా కారు అద్దాల కంపెనీ కథలో గంట జీతం నుంచి అద్దానికి ఇంత అనే పద్ధతికి మారాక పని 44 శాతం పెరిగింది. అందులో సుమారు సగం అక్కడున్నవాళ్లు ఎక్కువ చేయడం వల్ల, మిగతాది మనుషులు మారడం వల్ల. మా షెడ్డులోనూ సోమవారం డబ్బులిస్తారట అని విని కొత్తగా చేరినవాళ్లున్నారు. 2025 మేలో ఆర్డీ డబ్బు చేతికొచ్చింది. జూన్‌లో ప్రభుత్వం తల్లికి వందనం కింద పిల్లాడికి రూ.13,000 చొప్పున వేసింది. ఆ జూన్‌లో ఫీజులకు అప్పు చేయనివాళ్లు ఎక్కువగా కనిపించారంటే అందులో నా పాలు ఎంతో విడదీయలేను.

ఆ తర్వాత ఏ లెక్కలోనూ లేనిది వచ్చింది. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అప్పటికి మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ అదే. యూనిట్‌కు వచ్చే బండ్లు తగ్గాయి, కొన్ని వారాల్లో షెడ్డు నాలుగు రోజులే నడిచింది. ఆరు రోజులు వస్తే 300 అని నేను రాసిన షరతు ఆ వారాల్లో ఎవరూ అందుకోలేనిదైంది, వాళ్ల తప్పేమీ లేకుండానే. రెండు వారాలు ఎవరికీ బోనస్ పడలేదని పెద్దమ్మే ఫోన్ చేసి చెప్పింది. మర్నాడే పోయి ఆ లైన్ కొట్టేసి, "పిలిచిన రోజులన్నీ వస్తే" అని మార్పించాను. పోయిన రెండు వారాల 300లూ లెక్క కట్టి ఆ సోమవారమే వేయించాం.